కట్టుబాటు విడిచిన ప్రణయకథలు



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము రచ్చబండ కడ సామాన్యముగా ప్రస్తావనకు వచ్చునది కాదు. పాశ్చాత్యదేశములలో సుమారు నలువది యేండ్లనుండి ఒక తీరు కథలు వెలువడుచున్నవి. కఠినమైన మతనియమములు గల సంఘమున పుట్టి పెరిగిన యువకుడు మఱియొక యువకుని వలచును. ఆ సంఘమున అట్టి వలపునకు చోటు లేదు. తుదకు ఇద్దఱును ఇల్లు, ఊరు, ప్రార్థనాస్థలము విడిచి పోవుదురు. స్థూలముగా కథ ఇంతే. ఇట్టి గ్రంథముల గొడవ మనకేల యని యడుగువారు ఉందురు. వెలివేయు అధికారము ఒకప్పుడు గ్రామపెద్దల నోటిమాటలో నుండెను. కొన్ని యూళ్లలో నేటికిని ఉన్నది. ఈ నవలలలో ప్రణయము పైకి కనబడునది. లోపల నున్నది వెలి. కావున ఇది మీకు చెప్పదగిన విషయమనియే తలంచితిని.

ఒక్క సంగతి మొదటనే చెప్పి ముందునకు సాగుదును. పురుషుడు పురుషుని వలచుట మన దేశమున 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ విభాగమును బట్టి నేరముగా చెల్లుచుండెను. 2018 సెప్టెంబరు 6న సుప్రీముకోర్టు, వయసు వచ్చిన ఇద్దఱు తమ సమ్మతితో నడుపుకొను సంబంధము నేరము కాదని తీర్పు చెప్పెను. అట్టివారికి వివాహపు హక్కును మాత్రము 2023లో అదే న్యాయస్థానము అంగీకరింపలేదు. చట్టము చెప్పునది ఇంతవఱకు. తక్కినది ఇంటిలోను ఊరిలోను తేలవలసినది.

ప్రణయనవల యను మాటకు ఇంగ్లీషువారి వాడుకలో రెండే నియమములు. కథకు నడుమ ఇద్దఱి ప్రేమ యుండవలయును. తుదకు వారు కలసి సుఖపడవలయును. మన ఆలంకారికులకు ఇది కొత్త గాదు. సంస్కృతనాటకము మంగళాంతము గావలయును. భాసుని ఊరుభంగము వంటిది అరుదు. కాని పురుషులిద్దఱి వలపును గూర్చిన కథలకు ఈ మంగళాంతము చిరకాలము నిషిద్ధమై యుండెను. నాయకులలో ఒకడు చావవలయును, లేదా ఇద్దఱును చెడి విడిపోవలయును. అప్పుడే ప్రకాశకులు ధైర్యము చేయుదురు. ఇ. యం. ఫార్‌స్టరు అను ఆంగ్లరచయిత పేరు మీలో కొందఱు వినియుందురు. 1921లో దేవాసు సంస్థానమున మహారాజు కడ ఆంతరంగిక కార్యదర్శిగా నుండినవాడు, 1924లో భారతదేశమును గూర్చి ప్రసిద్ధమైన నవల ప్రకటించినవాడు. ఆయన 1913, 14 సంవత్సరములలో 'మారిస్' అను నవల వ్రాసి పెట్టెలో దాచెను. అందలి ప్రేమికులు తుదకు కలసియే యుందురు. కథను ఉరితాటితోనో ఆత్మహత్యతోనో ముగించియుండినచో చిక్కు లేకపోవునని ఆయనయే పిమ్మట వ్రాసికొనెను. 1970లో ఆయన మరణించెను. 1971లో నవల అచ్చయినది. ఒక సుఖాంతము వెలుగు చూచుటకు ఏబదియేడేండ్లు పట్టినది.

'మారిస్' కథలో మతసంఘపు బాధ ముఖ్యము గాదు. అది ముఖ్యమైన కథలు చెప్పుటకు ముందు, అమెరికాలోని ఆమిష్ అను క్రైస్తవశాఖను గూర్చి కొంత విస్తరించి చెప్పవలయును. వారి చరిత్ర తెలియక ఆ నవలలోని దుఃఖము బోధపడదు.

పసిబిడ్డకు జ్ఞానస్నానమిచ్చుట వ్యర్థము, వివేకము వచ్చినవాడు తానై కోరి పుచ్చుకొనవలయును అని 1525లో స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమున కొందఱు పట్టుబట్టిరి. నగరపాలకులకు అది ద్రోహముగా తోచెను. 1527 జనవరిలో ఫెలిక్సు మాంజు అను వారి నాయకుని లిమ్మత్ నదిలో ముంచి చంపిరి. నీటిని గూర్చి వాదించినవానికి నీటిలోనే శిక్ష విధించిరన్నమాట. పిమ్మట నెదర్లాండ్సు దేశమున మెన్నో సైమన్సు అను బోధకుడు ఇట్టి విశ్వాసము గలవారిని కూడగట్టెను. ఆయన పేరిటనే మెన్నొనైటులను నామము కలిగెను. పాలమూరు, గద్వాల, వనపర్తి ప్రాంతముల పెద్దలకు ఈ నామము కొత్త గాదు. 1899లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చి తెలుగువారి నడుమ పని చేసిన అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషనువారు ఈ వృక్షపు కొమ్మయే; జడ్చర్లలో వైద్యశాల నెలకొల్పినవారు వీరే. ఆమిష్ వారు వేఱొక కొమ్మ. 1693లో యాకోబు అమ్మాన్ అను పెద్ద, వెలియైనవానితో పంక్తిభోజనము కూడ కూడదని పట్టుబట్టెను. హాన్సు రైస్టు అను మఱియొక పెద్ద అంత కాఠిన్యము తగదనెను. ఆ వాదమునుండి పుట్టిన చీలికయే ఆమిష్ శాఖ. ఒక సంఘము యొక్క పుట్టుకకే వెలి కారణమగుట లోకమున తఱచు గనబడు సంగతి గాదు.

వీరు 18వ శతాబ్దిలో పెన్సిల్వేనియాకు వలసపోయిరి. నేడు ఉత్తర అమెరికాలో వీరి సంఖ్య నాలుగు లక్షలు. గుఱ్ఱపుబండ్లపై తిరుగుదురు, కంపెనీల విద్యుత్తీగెను ఇంటికి తెచ్చుకొనరు, ఇంటిలో జర్మను మాండలికము మాటలాడుదురు, ప్రార్థనకు గుడి లేదు, వంతుల చొప్పున ఒకరి యింట కూడుదురు. బోధకుని ఎన్నుకొను తీరు నాకు మిక్కిలి నచ్చినది. అభ్యర్థుల ముందు కీర్తనల పుస్తకములు పెట్టుదురు. ఒకదానిలో చీటి యుండును. ఆ పుస్తకము ఎవ్వడు తీసికొనునో ఆతడు యావజ్జీవము జీతము లేని బోధకుడు. సంఘపు నియమములకు ఆర్డ్‌నుంగ్ అని పేరు. టోపీ అంచు వెడల్పును సైతము అది నిర్ణయించును.

ఇపుడు అసలు కీలకమునకు వత్తము. పదునాఱేండ్లు వచ్చినది మొదలు జ్ఞానస్నానము పుచ్చుకొనువఱకు గల యౌవనకాలమును వారు రుమ్‌స్ప్రింగా అందురు. ఇటునటు గంతులిడుట యని యర్థము. ఆ కాలమున సంఘమును విడిచిపోయినవానికి తలిదండ్రులు విచారింతురు గాని, వెలి లేదు. ఏలయన వాడింకను మాట యీయలేదు. జ్ఞానస్నానమునాడు మోకరించి సంఘమునకు లోబడియుందునని ప్రమాణము చేసి, ఆ మీదట విడిచినవాడు ప్రమాణభంగము చేసినవాడు. వానికి మైడుంగ్ అను వెలి తగులును. మాటలాడరాదని గాదు. ఇంటికి వచ్చిన అన్నమును పెట్టుదురు, కాని వేఱుబల్ల కడ. వాని చేతినుండి వస్తువు నేరుగా అందుకొనరు. వాడు బల్లపై పెట్టిన పిమ్మట తీసికొందురు. వాడు నడుపు బండి యెక్కరు. కొన్నిచోట్ల కాఠిన్యము తక్కువ, కొన్నిచోట్ల ఎక్కువ. సంఘము ముందు తప్పు ఒప్పుకొని మరలివచ్చినచో మఱల కలుపుకొందురు. మన ధర్మశాస్త్రములు అపాంక్తేయుడు అనినవానిని, మన గ్రామములు నిప్పునీళ్లు కట్టి చాకలిమంగలులను మాన్పించినవానిని తలచుకొన్నచో ఇది మనకు సులభముగనే బోధపడును. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు, ఆ పెండ్లికి తోడుపడినవారికి వెలి భయమెట్టిదో తెలిసివచ్చినది. అయితే మన వెలి కోపమువలన పుట్టును. ఆమిష్ తల్లి కొడుకునకు వేఱుబల్ల వేయునప్పుడు, వాని యాత్మను రక్షించుటకే వేయుచున్నానని నమ్మును. కోపమునకు కాలము మందు. ఈ నమ్మకమునకు మందు ఏది?

ఆమిష్ వారిని గూర్చిన ప్రణయనవలలు అమెరికాలో విరివిగా అమ్ముడుపోవును. 1997లో బెవర్లీ లూయిస్ ప్రకటించిన 'ది షన్నింగ్' అనునది వానికి త్రోవ వేసెను. దాని పేరునకు వెలివేత యని యర్థము. అవి స్త్రీపురుషుల కథలు. 2014లో కీరా ఆండ్రూస్ అను రచయిత్రి 'ఎ ఫర్బిడెన్ రుమ్‌స్ప్రింగా' అను నవలలో అదే పరిసరమున ఇద్దఱు యువకులను నిలిపెను. కథాస్థలము మిన్నెసోటా రాష్ట్రమున జెబులన్ అను వలస. అచ్చట కట్టు మఱింత గట్టి. యువకులకు రుమ్‌స్ప్రింగా సైతము లేదు. పదునెనిమిదేండ్ల ఐజాక్, ఇరువదిరెండేండ్ల డేవిడ్ కడ వడ్రంగము నేర్వ చేరును. డేవిడ్ తల్లికి, చెల్లెండ్రకు అతడే దిక్కు. అతడు సంఘప్రమాణమును ఇక వాయిదా వేయుటకు వీలు లేదు. చిత్రిక పట్టుచు, రంపపుపొట్టు నడుమ ఇద్దఱికి స్నేహము ముదిరి ప్రేమ యగును. ప్రమాణపు దినము దగ్గఱపడుచుండును. కథకు బిగువు నిచ్చునది ఆ గడువే.

ఇందు నేను గమనించినది ఒకటి చెప్పుదును. మిన్నెసోటా రాష్ట్రమున 2013 ఆగస్టు 1 నుండి ఇద్దఱు పురుషులు చట్టబద్ధముగా వివాహమాడవచ్చును. కావున నవల వెలువడునాటికి ఆ యిద్దఱికి రాజదండనము అడ్డుగాదు. ప్రభుత్వము తలుపు తీసి పట్టుకొన్నది. అడ్డు నిలిచినది అమ్మ వండిన అన్నము, చెల్లెండ్ర చదువు సంధ్యలు, ఆదివారపు ప్రార్థనలో వరుసగా కూర్చుండు బంధువులు. వారిలో ఎవ్వరును దుర్మార్గులు గారు. ప్రతినాయకుడు లేని కథను నడుపుట కష్టము. ఈ జాతి నవలలలో మేలైనవి ఆ కష్టము వహించును. నాసిరకమైనవి సంఘపెద్దను క్రూరునిగా చిత్రించి సులభముగా తప్పించుకొనును. బయటిలోకమును స్వర్గముగా చూపుట వానికి గల మఱియొక దోషము. ఆండ్రూస్ ఆ దోషమున పడకుండుటకు కథను పెంచెను. రెండవ సంపుటమున ప్రేమికులు శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున బ్రతుకు నేర్చుకొందురు. మూడవదానిలో జెబులన్‌కు మఱల ముఖము చూపవలసి వచ్చును.

బ్రతుకు నేర్చుకొనుట యని తేలికగా అంటిని. ముప్పది యేండ్లకు పైగా బడిపంతులునై యుండినవానికి ఆ మాటయొద్ద ఆగక తప్పదు. ఆమిష్ పిల్లల చదువు ఎనిమిదవ తరగతితో ముగియును. 1972లో అమెరికా సుప్రీముకోర్టు, యోడర్ అను తండ్రిపై ప్రభుత్వము నడిపిన వ్యాజ్యములో, మతస్వాతంత్ర్యమును బట్టి అంతకుమించి చదివింపుమని వారిని నిర్బంధింపరాదని తీర్పు చెప్పెను. డగ్లస్ అను న్యాయమూర్తి మాత్రము కొంత భేదించి, తండ్రి కోరినది సరే, పిల్లవాడు ఏమి కోరునో వాని నడిగితిరా యని ప్రశ్నించెను. నాకు ఆ ప్రశ్నయే యుక్తముగా తోచుచున్నది. పదునాలుగేండ్లకు పలక దించినవాడు పదునెనిమిదింట ఊరు విడిచినచో వాని చేతిలో నుండునది వడ్రంగము, లేనిది యోగ్యతాపత్రము. అట్టివానికి వెలి యనవసరము. వెళ్లలేకపోవుటయే చాలును. సంఘమున పుట్టినవారిలో నూటికి ఎనుబదియైదుమందికి పైగా అందే నిలుతురని పరిశోధకుల అంచనా. వారిలో ఎందఱు ఇష్టపడి నిలిచిరి, ఎందఱు వేఱుదారి లేక నిలిచిరి యనునది లెక్కకు అందదు.

ఇట్టి కథలన్నియు వెళ్లిపోవుటతోనే ముగియునని తలంపరాదు. లండను నగరమున హెండన్ అను ప్రాంతమున ఆచారపరులగు యూదులు గలరు. అచ్చట పెరిగిన నయోమీ ఆల్డర్మన్ 2006లో 'డిసొబీడియన్స్' అను నవల ప్రకటించెను. అందు ఇద్దఱు స్త్రీల చిన్ననాటి ప్రేమ మఱల మేల్కొనును. కాని ఒకతె మరలి వెళ్లగా, రెండవది తన మనసు దాచుకొనక చెప్పి, భర్తతోను సంఘములోను నిలిచిపోవును. నిలుచుటకును ధైర్యము కావలయునని ఆ నవల చూపినది. విచిత్రమేమనగా, ఆ గ్రంథము వ్రాయుచుండగా రచయిత్రియే తన ఆచారమును విడిచెను.

తుదకు, ఈ తీరు కథలలో నేను మిక్కిలి ఆదరించు దానిని చెప్పెదను. 1985లో జెనెట్ వింటర్సన్ అను ఇరువదియైదేండ్ల స్త్రీ ప్రకటించిన 'ఆరెంజస్ ఆర్ నాట్ ది ఓన్లీ ఫ్రూట్'. ఇంగ్లండులో లాంకషైరు మండలమున, పెంతెకొస్తు సంఘమునకు చెందిన దంపతులు ఒక బాలికను పెంచుకొందురు. తల్లి ఆమెను మిషనరీ చేయవలెనని కలలు గనును. ఆమె మఱియొక బాలికను వలచును. సంఘమువారు దయ్యము పట్టినదని గదిలో పెట్టి ప్రార్థనలు సల్పుదురు. ఆమె ఇల్లు విడిచి, మంచుమిఠాయి బండి నడిపియు, శవసంస్కారము చేయు దుకాణమున పని చేసియు పొట్ట పోసికొనును. ఇది చాలవఱకు రచయిత్రి జీవితమే. ఆమెయు పదునాఱేండ్లకే ఇల్లు విడిచెను. అధ్యాయములకు ఆదికాండము మొదలుకొని రూతు వఱకు బైబిలు పేర్లే పెట్టెను. రూతు అత్తవెంట తన వారిని విడిచిపోయిన స్త్రీ. సంఘమును విడిచినను సంఘము నేర్పిన గ్రంథమును విడువలేకపోయినదన్నమాట.

ఆ నవలకు పెండ్లి యనదగు మంగళాంతము లేదు. కొంతకాలమునకు ఆ పడుచు క్రిస్మసు పండుగకు ఇంటికి వచ్చును. తల్లి తిట్టదు, కౌగిలింపదు. జరిగినది యేమియు లేనట్లే మాటలాడును. ఆమె అప్పటికి ఒక రేడియో యంత్రము సంపాదించినది. దూరపు విశ్వాసులతో దాని మూలమున సంభాషించుచుండును. కూతురు అదే గదిలో కూర్చుండి యుండగా, తల్లి చెవులకు యంత్రము తగిలించుకొని, కనబడని వారిని పేరుపెట్టి పిలుచుచు, మీరు వినుచున్నారా యని అడుగుచుండును.