నానో రేణువుల తయారీ, నిలకడ

 

విశాఖపట్నం దగ్గర కూర్మన్నపాలెం పక్కనే ఉక్కు కర్మాగారము ఉన్నది గదా. అక్కడ కరిగిన ఇనుములోకి ఆక్సిజను ఊది ఉక్కు చేస్తారు. ఆ వేడికి కొంత ఇనుము ఆవిరియై లేచి, చల్లారి, ఎర్రని పొగ అవుతుంది. పేరుకు పొగే గాని, అది ఇనుప తుప్పు రేణువుల గుంపు. ఎంత సన్నవంటారా? మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగము నానోమీటరు. మన తలవెంట్రుక మందమే సుమారు 80 వేల నానోమీటర్లు. 100 నానోమీటర్ల లోపు రేణువును నానో రేణువు అంటారు. ఆ పొగలో అటువంటివీ ఉంటాయి.

కర్మాగారానికి ఆ పొగ పీడ. నీటితో కడిగి, మడ్డిగా దించివేస్తారు. ఎరువుల కంపెనీలకు మాత్రం అంత సన్నని రేణువే కావాలి. నానో యూరియా, నానో డి.ఏ.పి. అని మీరు చూస్తున్న సీసాలు ఆ కోవలోనివే.

రేణువును చేయడానికి రెండు దారులున్నవి. పెద్ద వస్తువును మిల్లులో నూరడం ఒకటి. ఆవిరిలోనో ద్రావణంలోనో ఉన్నదాన్ని రేణువులుగా పేరుకొనేటట్లు చేయడం రెండవది. ఆముదపు దీపం మీద మూకుడు బోర్లించి కాటుకకు మసి పట్టే ఇల్లాలు చేసేది ఈ రెండవ పనే.

చేయడం అంత కష్టం కాదు. చేసినదాన్ని చిన్నగా నిలపడమే కష్టం. సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు గల ముక్కను 10 నానోమీటర్ల ముక్కలుగా కోసి, వాటి ముఖాలన్నీ పరిస్తే 600 చదరపు మీటర్లు, అంటే సుమారు 15 సెంట్ల నేల! ఇంత పైభాగం బయటపడితే రేణువులు ఒకదానినొకటి అంటుకొని ముద్దకట్టాలని చూస్తాయి. ముద్దకట్టిన తరువాత నానో అన్న పేరు సీసా మీదే మిగులుతుంది.

దీనికి మందు మన పెద్దలకు తెలియనిది కాదు. దీపపు మసికి తుమ్మజిగురు కలిపి సిరా చేసేవారు. జిగురు ప్రతి రేణువుకు తొడుగై, పక్కదానితో అంటుకోనివ్వదు. రెండవ ఉపాయం విద్యుత్తు. బురదనీటిలోని సన్నని మట్టి రేణువులన్నిటికీ ఒకే జాతి విద్యుత్తు ఉండి, ఒకదానినొకటి నెట్టుకుంటూ తేలుతాయి. అందులో పటిక కలిపితే ఆ విద్యుత్తు చల్లబడి, మట్టి ముద్దలై అడుగుకు దిగుతుంది. చిల్లగింజ అరగదీసి కలిపినా నీరు తేరుతుంది. వరద గోదావరి సముద్రపు ఉప్పును కలిసినచోట మట్టి దిగడానికీ ఇదొక కారణం.

కనుక నానో మందు ఏదైనా సరే, ఉప్పుబావి నీటిలో కలపకండి. మంచినీరు వాడండి, సీసాను బాగా కుదపండి. వేరే పురుగుమందుతో కలపదలిస్తే, ముందు గాజుసీసాలో కొద్దిగా కలిపి కాసేపు చూడండి. పాలు విరిగినట్లు పలుకులు కట్టిందా, ట్యాంకులో పోయవద్దు. కలిపిన నీటిని మరునాటికి దాచవద్దు.

ఇక అసలు లెక్క. 2021లో ఇఫ్కో తెచ్చిన నానో యూరియా అరలీటరు సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే 20 కిలోలకు పైన. సీసా బస్తాకు సాటి అని కంపెనీ మాట. ఆకు మీద పడినది వృథా కాదు కనుక తక్కువైనా చాలునంటారు. అయితే యూరియా నీటిలో ఉప్పులా కరిగేది, కరిగినది రేణువుగా ఎట్లా నిలుస్తుందని శాస్త్రజ్ఞులే అడిగారు. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాల్లో జరిపిన పరీక్షలో, నేలకు వేసే నత్రజనిని తగ్గించి ఈ ద్రవం చల్లినచోట వరి, గోధుమ దిగుబడులు తగ్గినవి.

వెయ్యి రెట్ల తేడాను రేణువు సన్నదనమే పూడుస్తుందంటే నాకు నమ్మకం చిక్కడం లేదండీ. దుక్కిలో, దమ్ములో వేసే ఎరువు తగ్గించవద్దు. చూడాలని ఉంటే ఒక మడిలో ఐదు సెంట్లు గట్టు వేసి వేరుచేసి, అక్కడ బస్తా తగ్గించి సీసా వాడండి. మిగతా మడికి మామూలు మోతాదు వేయండి. కోత నాడు రెంటినీ విడిగా తూచి, ఆ తూకం మీ వ్యవసాయ సహాయకునికి రాసి ఇవ్వండి.