యంత్రం చిన్నదైతే చాలదు

న్యూఢిల్లీ: పార్లమెంటులో సభ్యుల ఆసనాల వద్ద భాషాంతరీకరణ వినడానికి హెడ్‌ఫోన్లు ఉంటాయి. ఉపన్యాసం తమకు వచ్చిన భాషలోనే సాగుతున్నా వృద్ధ సభ్యులు కొందరు వాటిని తగిలించుకొని కూర్చోవడం పత్రికా గ్యాలరీ నుంచి అనేక పర్యాయాలు చూశాను. అనువాదం కోసం కాదు, వినిపించక. వినికిడి యంత్రం పెట్టుకోవడానికి మాత్రం బిడియం. కళ్ళజోడు పాండిత్య చిహ్నమయింది. చెవి యంత్రం ముసలితనానికి గుర్తుగానే మిగిలిపోయింది.

ఈ బిడియమే దుకాణదారునికి పెట్టుబడి. నాకు చిరపరిచితులైన గోదావరి జిల్లా మాజీ సభ్యులొకరు చెవి రంధ్రంలో ఇమిడిపోయే అతి చిన్న యంత్రాన్ని భారీ ధరకు కొన్నారు. ఆయనకు వేళ్ళు వణుకుతాయి. గింజంత బ్యాటరీని మార్చడం ఆయన తరం కాలేదు. "చెవిలో కంటే సొరుగులోనే క్షేమంగా ఉందండీ" అని నవ్వేశారు. చెవి వెనుక తగిలించుకొనే రకమైతే బ్యాటరీ పెద్దది. రాత్రివేళ చార్జింగు పెట్టుకోదగినవీ వచ్చాయి. వినికిడి బాగా క్షీణించిన వారికి కావలసిన శక్తి కూడా ఆ రకంలోనే ఎక్కువ.

కనుక మొదట అడగవలసినది ధర కాదు, మనిషి దినచర్య. ఇంట్లో ఒకరిద్దరితో మాట్లాడుకొనే వారికి సామాన్యమైన యంత్రం చాలు. సభలలో, కోర్టులలో, పెళ్ళిళ్ళలో మెలిగేవారికి ఎదుటి మాటను ఎక్కువగా, చుట్టుపక్కల రొదను తక్కువగా అందించే మైక్రోఫోన్లు కావాలి. పొలం తిరిగేవారు చెమటకూ దుమ్ముకూ తట్టుకొనేది చూసుకోవాలి. అన్నిటికంటె ముందు పరీక్ష జరగాలి. చెవి కారుతున్నా, వినికిడి హఠాత్తుగా పోయినా, ఒక చెవికే తగ్గినా దుకాణానికి కాదు, వైద్యుని వద్దకు వెళ్ళాలి. కొనేముందు కొన్నాళ్ళు ఇంట్లో వాడి చూడనిమ్మని పట్టుబట్టండి. తొలిరోజులలో పళ్ళేల మోత చెవులు తూట్లు పొడుస్తుంది. మెదడు అలవాటు పడడానికి వారాలు పడుతుంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. వికలాంగులకు ఉపకరణాలిచ్చే పథకం 1981 నాటిది. పేద వృద్ధుల కోసం వయోశ్రీ పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమయింది. వినికిడి యంత్రాలపై జి.ఎస్.టి. లేదు. అయితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోనూ 60 డెసిబెళ్ళ లోపం ఉంటేనే లెక్క; 70 దాటితే బధిరత్వం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 35 దాటగానే దానిని వైకల్యంగా పరిగణిస్తోంది. 50 డెసిబెళ్ళు కోల్పోయిన నలభై అయిదేళ్ళ బడిపంతులు చట్టం దృష్టిలో వికలాంగుడు కాడు, వయోశ్రీకి వృద్ధుడూ కాడు. తరగతిలో పిల్లల ప్రశ్న మాత్రం ఆయనకు వినపడదు.

పంచిన యంత్రాల సంఖ్య ప్రశ్నోత్తరాల సమయంలో సభకు వస్తుంది. ఏడాది తరువాత వాటిలో ఎన్ని చెవులకు ఉన్నాయో, ఎన్ని సొరుగులలో ఉన్నాయో కూడా మన సభ్యులు అడగాలి.