బేస్ గిటార్ బాడీ: చెక్క గొప్పదా, పనితనం గొప్పదా? బాలానగర్ లెక్కలో చూద్దాం

ఈరోజు ఎపిసోడ్ టాపిక్ బేస్ గిటార్ బాడీ. షేప్ ఎలా ఉండాలి, ఏ చెక్కతో చెయ్యాలి, నెక్‌ని స్క్రూలతో బిగించాలా లేక ఒకటే చెక్కలో తీయాలా, అసలు "బిల్డ్ క్వాలిటీ" అంటే ఏంటి? ఈ విషయం మీద ఇద్దరు బేసిస్టులు కూర్చుంటే మూడు అభిప్రాయాలు వస్తాయి.

ఉత్త టైమ్‌పాస్ గొడవైతే వదిలేయొచ్చు. కానీ హైటెక్ సిటీలో మొదటి జాబ్, కూకట్‌పల్లి హాస్టల్‌లో ఒక బెడ్, నెలనెలా దాచుకున్న పదిహేను ఇరవై వేలు. ఆ డబ్బుతో మొదటి బేస్ కొనేవాళ్లకి ఇది చిన్న నిర్ణయం కాదు. పైగా స్ట్రింగ్స్ మరీ ఎత్తుగా ఉన్న బేస్ చేతికొచ్చిందనుకోండి, వేళ్లు నొప్పెడతాయి, నోట్ సరిగ్గా పలకదు. "నాకు మ్యూజిక్ రాదులే" అనుకుని మూడు నెలలకి దాన్ని మంచం కిందకి తోసేస్తారు. చాలాసార్లు తప్పు వేళ్లది కాదు, ఆ బేస్‌ది.

అందుకే ఈ లెక్కని బాలానగర్ కళ్లతో చూద్దాం. ఎందుకు బాలానగర్? ఫ్లైఓవర్ మీద నుంచి ఝామ్మని వెళ్లిపోతే కనపడదు గానీ, కింద సందుల్లో లేత్‌లు, మిల్లింగ్ మెషీన్లు, సీఎన్‌సీలు తిరుగుతూనే ఉంటాయి. హెచ్‌ఏఎల్ అక్కడే ఉంది. 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, మనం సీఐటీడీ అంటామే, అదీ అక్కడే. ఆ ఏరియాలో ఒక పార్ట్ చేయించాలంటే "ఏ మెటల్" అన్న ఒక్క ప్రశ్నతో పని అయిపోదు. కొలత ఎంత, టాలరెన్స్ ఎంత, ఫిట్ టైటా లూజా, ఇవన్నీ తేలాలి. బేస్ కొనేటప్పుడు మనం మాత్రం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాం. "అన్నా, ఇది ఆల్డరా, మహాగనీనా?" అంతే.

చెక్కే అంతా అనే వాదన ఎక్కడ నుంచి వచ్చింది?

ఈ వాదన మనకి సహజంగానే నచ్చుతుంది. కారణం మన ఇంట్లోనే ఉంది. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లి అనే ఊరుంది. బొబ్బిలి వీణలు చేసేది అక్కడే. పనస దుంగని తొలిచి, కుండ, దండి అన్నీ ఒకే చెక్కలోంచి తీస్తారు. అతుకు లేని వీణకి గౌరవం ఎక్కువ. దీనికి జీఐ గుర్తింపు కూడా ఉంది. వీణ విషయంలో చెక్క మాట నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఎందుకంటే అక్కడ స్పీకర్ లేదు. తీగ కదలిక గుర్రం మీదుగా కుండ పైపలకకి వెళ్తుంది, పలక కదిలితే గాలి కదులుతుంది, మనకి వినపడేది అదే. చెక్కే అక్కడ యాంప్లిఫయర్.

ఇప్పుడు ఎలక్ట్రిక్ బేస్‌కి రండి. సాలిడ్ బాడీ, లోపల గుల్ల లేదు. స్ట్రింగ్ కింద పికప్ ఉంటుంది: మ్యాగ్నెట్, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. లోహపు స్ట్రింగ్ ఊగితే అక్కడి అయస్కాంత క్షేత్రం మారుతుంది, కాయిల్‌లో కరెంట్ పుడుతుంది, అది యాంప్‌కి పోతుంది. అంటే పికప్ వినేది స్ట్రింగ్‌ని. చెక్కని నేరుగా వినదు. వీణ రూల్‌ని తీసుకొచ్చి బేస్‌కి అంటించడంలో వచ్చే ఇబ్బంది ఇదే.

దీనికి మంచి ఉదాహరణ 1980 ప్రాంతంలో నెడ్ స్టైన్‌బర్గర్ తెచ్చిన బేస్. హెడ్‌స్టాక్ లేదు, బాడీ చిన్న డబ్బా సైజు, మెటీరియల్ కార్బన్ ఫైబర్ కలిపిన ఎపాక్సీ. చెక్కే అంతా అయితే దాన్లోంచి మంచి సౌండ్ రాకూడదు. కానీ ఆ దశాబ్దంలో పెద్ద పెద్ద ప్లేయర్లు దాన్ని స్టేజ్ మీదకి తీసుకెళ్లారు.

మరి చెక్కకి అసలు పాత్రే లేదా?

ఆగండి, అలా కూడా కాదు. రెండో వైపు వాళ్లు "అంతా పికప్పే, చెక్క దండగ" అంటారు. అదీ పూర్తిగా నిజం కాదు. స్ట్రింగ్ ఊగుతున్నప్పుడు రెండు చివర్లలో అది దేన్ని పట్టుకుని ఉందో, అది కూడా కొంచెం ఊగుతుంది. ముఖ్యంగా నెక్. సన్నగా, పొడుగ్గా ఉంటుంది కదా. ఏదో ఒక నోట్ దగ్గర నెక్ సొంత ఊపు, స్ట్రింగ్ ఊపు కలిసిపోతాయి. అప్పుడు స్ట్రింగ్ ఎనర్జీని నెక్ తాగేస్తుంది. నోట్ టక్కున చచ్చిపోతుంది. దీన్నే డెడ్ స్పాట్ అంటారు. ఫెండర్ టైప్ బేస్‌లలో ఇది ఎక్కువగా జీ స్ట్రింగ్ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్యలో దొరుకుతుంది. జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్ అనే పరిశోధకుడు 1990లలో ఎలక్ట్రిక్ గిటార్ల మీద, బేస్‌ల మీద దీన్ని కొలిచి చూశాడు. డెడ్ స్పాట్‌కి మెయిన్ కారణం నెక్ కదలికే అని చూపించాడు.

మీరే ట్రై చెయ్యొచ్చు. హెడ్‌స్టాక్‌కి గుడ్డ అడ్డం పెట్టి చిన్న సీ-క్లాంప్ బిగించండి. డెడ్ స్పాట్ పక్క ఫ్రెట్‌కి జరిగే అవకాశం ఉంది. బాడీ చెక్క మారలేదు, పికప్ మారలేదు. నెక్ చివర బరువు మారింది, అంతే.

కాబట్టి చెక్క మాటని ఇలా పెట్టుకోండి. బాడీ చెక్క ముందుగా తేల్చేది బరువు, స్క్రూ పట్టు, మన్నిక. నెక్ చెక్క తేల్చేది గట్టిదనం, స్ట్రింగ్ ఎంతసేపు పాడుతుంది అన్నది. ఇంకో చిన్న మాట. "బాస్‌వుడ్" అన్న పేరు చూసి అది బేస్ కోసమే పుట్టిన చెక్క అనుకుంటారు. ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ ఒకటే గానీ, అది లిండెన్ జాతి చెట్టు పేరు. బేస్ సౌండ్‌కి, దానికి చుట్టరికం లేదు. తేలిక, చవక, చెక్కడం ఈజీ. అందుకే వాడతారు.

షేప్: స్టైల్ కోసమే కాదు, బ్యాలెన్స్ కోసం

1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు దాని పై కొమ్ము ముందుకి పొడుచుకొచ్చి ఉంది. అందం కోసం కాదు. 34 అంగుళాల స్కేల్ అంటే నెక్ పొడుగు, చివర నాలుగు బరువైన ట్యూనర్లు. స్ట్రాప్ తగిలించే బటన్ ఎంత ముందుకి, ఇంచుమించు 12వ ఫ్రెట్ దగ్గరికి వస్తే, అంత బాగా బ్యాలెన్స్ అవుతుంది. తక్కెడ సూత్రమే. 1954లో దాని అంచులకి వంపులు చెక్కారు, పక్కటెముకలకి గుచ్చుకోకుండా.

అదే 1963లో వచ్చిన గిబ్సన్ థండర్‌బర్డ్ చూడండి. చూడ్డానికి కేక. కానీ స్ట్రాప్ బటన్ వెనక్కి, నెక్ మొదట్లో ఉండటంతో చెయ్యి వదిలితే నెక్ నేలకి వంగుతుంది. దీన్నే నెక్ డైవ్ అంటారు. అప్పుడు ఎడమ చెయ్యి నోట్లు పట్టుకోవాలా, నెక్‌ని మోయాలా? మాములుగా బేస్ మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు ఉంటుంది. ఆదివారం చర్చిలో రెండు గంటలు, లేదంటే గచ్చిబౌలిలో రెండు సెట్లు నిలబడి వాయించేవాళ్లకి తేడా మణికట్టు చెబుతుంది, భుజం చెబుతుంది.

మరి హాఫ్నర్ వయొలిన్ బేస్? లోపల గుల్ల, ఈకలా తేలిక. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్నాడు. ఆయన ఎడమచేతి వాటం. రెండు వైపులా ఒకేలా ఉండే షేప్ కాబట్టి తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదు. అంటే "బెస్ట్ షేప్" అని ఒకటి లేదు. మీ ఒంటికి, మీ చేతికి కుదిరే షేప్ ఉంది.

షాప్‌లో టెస్ట్ సింపుల్: స్ట్రాప్ వేసుకుని నిలబడండి, రెండు చేతులూ వదిలేయండి. నెక్ అలాగే నిలబడితే ఓకే. కిందకి జారితే ఇంకో పీస్ చూడండి.

బోల్ట్-ఆన్ చవకరకమా?

ఇది పెద్ద గొడవ. నెక్-త్రూ అంటే నెక్ చెక్కే బాడీ మధ్యలోంచి చివరిదాకా వెళ్తుంది. 1961లో వచ్చిన రికెన్‌బ్యాకర్ 4001 అలాంటిదే. మన ఒకే చెక్క వీణకి దగ్గరి ఆలోచన. పై ఫ్రెట్లకి చెయ్యి హాయిగా వెళ్తుంది, మడమ దగ్గర అడ్డం ఉండదు. ఖరీదు ఎక్కువ. బోల్ట్-ఆన్‌లో నెక్ వేరు, బాడీ వేరు, సాధారణంగా నాలుగు స్క్రూలు.

"స్క్రూలేసి బిగించారంటే లో క్వాలిటీ" అని తీర్పు ఇచ్చేస్తారు. బాలానగర్‌లో ఈ మాట అని చూడండి, నవ్వుతారు. విప్పి రిపేర్ చెయ్యగలగడం అక్కడ గొప్ప గుణం. ఫెండర్ ఆలోచన కూడా అదే. నెక్ వంకరపోతే నాలుగు స్క్రూలు విప్పి మార్చు, యాంగిల్ తేడా ఉంటే సన్నటి షిమ్ పెట్టు. నెక్-త్రూలో నెక్ మెలి తిరిగిందంటే, రిపేర్ ఖర్చు బేస్ ధరని దాటొచ్చు. చవక బోల్ట్-ఆన్‌లో అసలు సమస్య స్క్రూలు కాదు, నెక్ కూర్చునే గాడి వదులుగా ఉండటం. స్ట్రింగ్స్ నాలుగూ కలిపి దాదాపు 80 కిలోల బలంతో నెక్‌ని లాగుతుంటాయి. ఒక మనిషి వేలాడినట్టు. గాడి లూజైతే నెక్ పక్కకి జరుగుతుంది.

కొలవగలిగిందే క్వాలిటీ

జేబులో ఏటీఎం కార్డు, ఒక విజిటింగ్ కార్డు ఉంటే చాలు, నాలుగు టెస్టులు చెయ్యొచ్చు.

ఒకటి, గాడి. నెక్, బాడీ కలిసే చోట పక్క సందు చూడండి. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అది సులువుగా దూరిందంటే పని లూజ్‌గా జరిగినట్టే.

రెండు, లైన్. పై నుంచి చూస్తే ఈ స్ట్రింగ్, జీ స్ట్రింగ్ రెండూ నెక్ అంచుల నుంచి సమాన దూరంలో ఉండాలి. ఒకటి అంచు మీదకి జారుతుంటే నెక్ పక్కకి తిరిగింది.

మూడు, నెక్ వంపు. మొదటి ఫ్రెట్ నొక్కండి, నెక్ బాడీని కలిసే చోట ఫ్రెట్ కూడా నొక్కండి. మధ్యలో, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద, స్ట్రింగ్‌కి ఫ్రెట్‌కి మధ్య 0.3 మిల్లీమీటర్ల దాకా సందు ఉండాలి. ఇంచుమించు విజిటింగ్ కార్డు మందం. ఏటీఎం కార్డు పట్టేస్తే వంపు ఎక్కువ. అసలు సందే లేకపోతే నెక్ వెనక్కి వంగింది.

నాలుగు, ఫ్రెట్ అంచులు. నెక్ పక్కన వేలు పైనుంచి కిందకి జరపండి. గీసుకుంటే ఫినిషింగ్ సరిగ్గా చెయ్యలేదు, లేదా చెక్క ఎండి ముడుచుకుంది. తర్వాత నాలుగు స్ట్రింగ్స్ మీద ప్రతి ఫ్రెట్ వాయించండి. ఒక్కచోటే జరజరమంటే ఆ పక్క ఫ్రెట్ ఎత్తుగా ఉంది.

మన ఊరి వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోండి. మే నెలలో హైదరాబాద్ గాలి పొడి, జులైలో తడి, రూమ్‌లో ఏసీ ఇంకో రకం. నెక్ చెక్క దీనంతటికీ కదులుతుంది. అందుకే లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. సరైన సైజ్ కీతో, పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పకుండా, సరిచేసుకోవచ్చు. కొనే ముందు ఆ రాడ్ తిరుగుతోందో లేదో తప్పకుండా చూపించమని అడగండి. సెకండ్ హ్యాండ్ అయితే మరీ ముఖ్యం. ఇది పనిచెయ్యని బేస్ ఎంత మంచి చెక్కదైనా వద్దు.

ఫోన్‌లో విని డిసైడ్ అవ్వకండి

ఆఖరి మాట. "ఈ చెక్క వర్సెస్ ఆ చెక్క" సౌండ్ టెస్టులు మనం ఫోన్ స్పీకర్‌లో వింటాం. బేస్‌లో ఓపెన్ ఈ స్ట్రింగ్ 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత కిందకి దిగలేదు. పై హార్మోనిక్స్ విని మిగతాది మన మెదడే పూరించుకుంటుంది. కావాలంటే ఇళయరాజా సంగీతం ఇచ్చిన "గీతాంజలి" పాటలు ముందు ఫోన్‌లో, తర్వాత మంచి ఇయర్‌ఫోన్స్‌లో వినండి. పాట కింద ఇంకో పాట నడుస్తున్నట్టు ఉంటుంది. బాడీ చెక్కల మధ్య తేడా ఉన్నా, అది ఇంతకంటే చాలా చిన్నది. పైగా వాయించేవాళ్ల చెయ్యి కొంచెం పక్కకి జరిగితేనే టోన్ మారిపోతుంది.

సో ఫ్రెండ్స్, బడ్జెట్ ఇరవై వేలు అనుకోండి. ఇరవై వేలూ చెక్క పేరు మీద పెట్టకండి. పదిహేడు పద్దెనిమిదికి సరిగ్గా కూర్చున్న నెక్, బ్యాలెన్స్ ఉన్న బాడీ చూసుకోండి. మిగిలింది కొత్త స్ట్రింగ్స్‌కి, మంచి సెటప్‌కి ఉంచుకోండి. స్ట్రింగ్ హైట్ 17వ ఫ్రెట్ దగ్గర ఈ స్ట్రింగ్‌కి 2.4, జీ స్ట్రింగ్‌కి 2 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటే వేళ్లు మీకు థ్యాంక్స్ చెప్తాయి. ఖరీదైన చెక్క తర్వాతైనా కొనుక్కోవచ్చు. మొదటి ఆరు నెలలు వాయించాలనే కోరిక బతికి ఉండాలి, అది ముఖ్యం.

ఈసారి షాప్‌కి వెళ్తే ఏటీఎం కార్డు రెండు పనులకి తీయండి: ముందు కొలవడానికి, తర్వాతే డబ్బు కట్టడానికి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!