నత్తకు ఇంటిపేరు

అమెరికా దేశంలో, మిసిసిపి రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న పట్నం ఉంది. ఆ ఊళ్లో ఒక ప్లీడరు గారికి 1933లో కొడుకు పుట్టాడు. వాడి పేరు డొనాల్డ్ ట్రిప్లెట్.

డొనాల్డ్ పసితనంలోనే విన్న పాటను రాగం తప్పకుండా పాడేవాడు. అంకెలంటే వాడికి ప్రాణం. కాని నాన్న ఇంటికి వచ్చినా వాడు తల ఎత్తి చూసేవాడు కాదు. తోటిపిల్లలతో ఆడేవాడు కాదు. గిన్నెలనూ మూతలనూ బొంగరాల్లా గిరగిర తిప్పుకుంటూ కూర్చునేవాడు. ఎవరైనా అడ్డుపడితే ఇక చెప్పనక్కరలేదు: ఇల్లు అదిరేటట్టు ఏడ్చి, చేతికందినవి పాడు చేసేవాడు.

వైద్యుల సలహా మీద తల్లిదండ్రులు వాణ్ణి నాలుగేళ్లు నిండకుండానే దూరాన ఒక సంస్థలో చేర్పించారు. ఏడాది గడిచేసరికి వాళ్లకు మనసు నిలవలేదు. అక్కడి పెద్ద వద్దంటున్నా వినకుండా పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చుకున్నారు.

తరవాత 1938లో బాల్టిమోర్ నగరానికి తీసుకుపోయి, లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడికి చూపించారు. అంతకుముందే తండ్రి కొడుకును గురించి ఆయనకు 33 పేజీల ఉత్తరం రాశాడు! 1943లో కానర్ ఇటువంటి పిల్లలను 11 మందిని గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో మొదటివాడు డొనాల్డే. ఆ స్థితినే ఇవాళ మనం ఆటిజం అంటున్నాం.

పెద్దలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆటిజం అంటువ్యాధి కాదు, పెంపకంలో దోషమూ కాదు. అది మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. తల్లికి ప్రేమ చాలక బిడ్డ ఇలా అయ్యాడని ఒకప్పుడు వైద్యులే అన్నారు. ఆ అన్యాయపు మాట వల్ల ఎందరు తల్లులు కుమిలిపోయారో!

డొనాల్డ్‌కు తొమ్మిదో ఏడు వచ్చాక, 1942లో, తల్లిదండ్రులు వాణ్ణి ఊరికి పది మైళ్ల దూరంలో లూయిస్ అనే రైతు దంపతుల దగ్గర ఉంచారు. తాము తరచు వెళ్లి చూసి వచ్చేవారు.

కనిపించినదల్లా కొలవటం డొనాల్డ్‌కు అలవాటు. సరే, ఒక బావి తవ్వి దాని లోతు ఎంతో చెప్పమన్నాడు లూయిస్. మొక్కజొన్న చేలో సాళ్లు లెక్కపెట్టటం మొదలుపెడితే వాడు ఎంతకీ ఆపేవాడు కాదు. మనమైతే, "ఇంక చాలించరా!" అని కసురుకుంటాం. లూయిస్ ఏం చేశాడనుకున్నారు? వాడి చేతికి నాగలి ఇచ్చి, సాళ్లు దున్నుతూ లెక్కపెట్టమన్నాడు!

చచ్చిన పిట్టలనూ పురుగులనూ ఏరి తెచ్చే అలవాటు కూడా వాడికి ఉండేది. లూయిస్ దంపతులు చీదరించుకోలేదు. పొలంలో కొంత చోటు చూపించి, వాటిని అక్కడ పూడ్చి గుర్తులు పెట్టమన్నారు. డొనాల్డ్ ఒక్కొక్క గుర్తు మీద పేరు రాశాడు. ఒక నత్త పేరు 'జాన్ స్నెయిల్ లూయిస్'. స్నెయిల్ అంటే నత్త, లూయిస్ అంటే ఆ రైతు ఇంటిపేరే! పుట్టిన తేదీ తెలియదని రాసి, చనిపోయిన తేదీగా తనకు అది దొరికిన రోజు వేశాడు.

1945లో కానర్ ఆ పొలానికి వెళ్లాడు. ఆయన చూస్తూ ఉండగానే డొనాల్డ్ ఆరు పొడుగాటి సాళ్లు దున్నాడు, చివర గుర్రాన్ని నేర్పుగా మళ్లించాడు. అప్పటికి వాడు పల్లెలోని బడికి కూడా పోతున్నాడు. అక్కడివాళ్లు వాడి వింత అలవాట్లకు అలవాటుపడిపోయారు. ఆ రైతు దంపతుల తెలివికి కానర్ ఆశ్చర్యపోయాడు. ఆ 11 మందిలో పెద్ద ఆస్పత్రులలో పడి ఉన్న పిల్లలు బాగుపడక పోగా, ఉన్న చురుకుదనం కూడా పోగొట్టుకున్నారని 1971లో ఆయనే రాశాడు.

డొనాల్డ్ 1958లో కాలేజీ చదువు పూర్తిచేసి, సొంత ఊళ్లోనే బ్యాంకులో ఉద్యోగం చేశాడు. కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా ఎన్నో దేశాలు తిరిగి వచ్చాడు. మాట మటుకు ఎప్పుడూ పొడిపొడిగానే ఉండేది. 2023లో, 89వ ఏట కన్నుమూశాడు.

ఆయన హైస్కూలులో ఉండగా కొందరు పిల్లలు, "ఈ భవనంలో ఇటుకలు ఎన్ని ఉన్నాయో చెప్పగలవా?" అని అడిగారట. డొనాల్డ్ గోడ వంక ఒక్క చూపు చూసి అంకె చెప్పేశాడు. పిల్లలు నోళ్లు తెరిచారు. ఈ కథ ఏళ్ల తరబడి ఊరంతా చెప్పుకున్నారు. ముసలితనంలో ఇద్దరు విలేఖరులు, ఆ అంకె ఎలా చెప్పావని అడిగితే ఆయన దాచలేదు. ఇటుకలు లెక్కపెట్టనే లేదట. ఆ పిల్లలు తనను మెచ్చుకోవాలని నోటికి వచ్చిన అంకె చెప్పాడట!