ముందు ఆకు, తర్వాతే పువ్వు

సీతాకోకచిలుకల తోటకి విత్తనాలు ఎక్కడ కొనాలి తాతా అని అడిగావు కదా అమ్మలూ. బజార్లో దొరికే రంగుల ప్యాకెట్లలో జినియా, కాస్మాస్, బంతి ఉంటాయి. అవీ వేద్దాం, కాదనను. కానీ అవి తేనె ఇచ్చే పువ్వులు. ఒట్టి పువ్వుల తోట మన స్టేషన్లో టీ కొట్టు లాంటిది. వచ్చినవాళ్ళు గ్లాసు దించి రైలెక్కేస్తారు, అక్కడ కాపురం పెట్టరు. సీతాకోకచిలుక కాపురం పెట్టాలంటే దాని పిల్ల తినే ఆకు ఉండాలి. ఆ ఆకుల విత్తనాలు ప్యాకెట్లలో రావు గానీ, మన బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కళ్ళు పెట్టి చూస్తే బోలెడు.

గొంగళిపురుగు ఏ ఆకు పడితే ఆ ఆకు తినదు. మొక్కలు తమని తినేవాళ్ళ నుంచి కాచుకోవడానికి ఆకుల్లో చేదు, ఘాటు, విషం దాచుకుంటాయి. ఒక్కో పురుగు జాతి ఒక్కో రకం విషాన్ని తట్టుకోవడం అలవాటు చేసుకుంది. ఇక ఆ ఆకే దానికి అన్నం, మిగతావి తినలేదు. 1964లో ఎర్లిచ్, రావెన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు మొక్కలూ సీతాకోకచిలుకలూ ఇలా ఒకదాన్ని చూసి ఒకటి మారుతూ వచ్చాయని పెద్ద వ్యాసం రాశారు. అంతకు చాలా ముందే, 1705లో, మరియా సిబిల్లా మేరియన్ అనే ఆవిడ సురినామ్ అడవుల్లో తిరిగి వేసిన బొమ్మల పుస్తకం అచ్చయింది. ఆవిడ పురుగుని ఒంటరిగా వేయలేదు, అది తినే మొక్క మీదే కూర్చోబెట్టి వేసింది. నాకు ఆవిడంటే ఎంతో గౌరవం.

తల్లి సీతాకోకచిలుకకి ఈ సంగతి కాళ్ళతోనే తెలుస్తుంది. ఆకు మీద వాలి ముందుకాళ్ళతో టకటకా తట్టి రుచి చూస్తుంది. తన పిల్లల ఆకే అయితే గుడ్డు పెడుతుంది, కాకపోతే లేచిపోతుంది.

ఇక మన పెరట్లోంచే మొదలుపెడదాం. ఆ పెరడు ఈ ఊళ్ళోకి ఎలా వచ్చిందో ముందు చెప్తా. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో పుట్టింది. 1891కల్లా నాగ్‌పూర్ నుంచి అసన్సోల్ దాకా, బిలాస్‌పూర్ మీదుగా పట్టాలు పడ్డాయి. 1931లో విజయనగరం నుంచి రాయపూర్‌కి లైను పూర్తయ్యాక మనవాళ్ళకి దారి దగ్గరైంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వేలో కుదిరిన కుటుంబాలు ఇక్కడే తరాలుగా ఉండిపోయాయి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రమైంది. క్వార్టరు మారినా, జోను పేరు మారినా పెరట్లో కరివేపాకు మాత్రం తప్పదు. ఆ కరివేపాకే కామన్ మార్మన్, లైమ్ బటర్‌ఫ్లై అనే రెండు పెద్ద సీతాకోకచిలుకలకి పుట్టిల్లు. చిన్నప్పుడు వాటి పురుగు అచ్చం పిట్టరెట్టే. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకావనుకో, తల వెనకనుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికొచ్చి ఘాటు వాసన వేస్తాయి. మీ అమ్మమ్మ ఆ పురుగుల్ని చూస్తే దులిపేస్తుంది. ఆవిడకి చెప్పి ఒక కొమ్మ వాటికి వదిలేయించు.

కరివేపాకు గింజతో ఒక చిక్కుంది. వడ్లు, కందులు డబ్బాలో ఏడాది ఉన్నా మొలుస్తాయి. కరివేపాకు గింజ అలా కాదు, ఎండితే చచ్చిపోతుంది. నిమ్మ గింజకీ ఎండబెట్టడం పడదు. అందుకే ఎవరైనా కరివేపాకు విత్తనాలు ఎండబెట్టి కవర్లో పోస్టు చేస్తే తీసుకోకు. వానాకాలంలో కాయలు నల్లబడగానే కోసి, గుజ్జు వేళ్ళతో నలిపి కడిగెయ్యి, ఆ గుజ్జు మొలకని ఆపుతుంది. ఆ వారంలోనే మట్టిలో పెట్టు, తడి ఆరనీయకు. పాత చెట్టు వేళ్ళలోంచి పిలకలు వస్తే అవి తవ్వి తెచ్చుకోవడం ఇంకా సుళువు.

దీనికి పూర్తి వ్యతిరేకం రేల చెట్టు, ఇక్కడివాళ్ళు అమల్తాస్ అంటారు. వేసవిలో పసుపు పూల గుత్తులు వేలాడుతున్నప్పుడే నిరుటి నల్లటి పొడుగు కాయలు కూడా చెట్టు మీద కనిపిస్తాయి. ఒక కాయ తెచ్చి రాయితో కొట్టి చూడు. లోపల అడ్డంగా పల్చటి అరలు, అరకో గింజ, చుట్టూ జిగురు జిగురుగా నల్లటి గుజ్జు. అడవిలో ఎలుగుబంట్లు ఆ గుజ్జు కోసం కాయలు తిని గింజల్ని దూరంగా విసర్జిస్తాయి. గింజ గోధుమరంగులో నున్నగా మెరుస్తుంది, నీళ్ళలో వేస్తే రోజులు గడిచినా ఉబ్బదు. పైపెంకులోకి నీరు దిగదు మరి. గరుకు గచ్చు మీద ఒక పక్క రుద్దు. లోపలి లేతరంగు కనపడగానే ఆపి, రాత్రంతా నానబెట్టు. పొద్దున్నకి ఏది ఉబ్బిందో అది వెయ్యి, ఉబ్బనిదాన్ని మళ్ళీ రుద్దు. గింజకి తొడిమ అంటుకున్న చోట మాత్రం రుద్దకు, మొలక బయటికొచ్చేది ఆ దగ్గరే. ఈ ఆకు మీద కామన్ ఎమిగ్రెంట్ అనే లేత పసుపు సీతాకోకచిలుక పెరుగుతుంది.

రేల మాను పెరిగేదాకా ఆగలేనంటే దాని చిన్న చుట్టం తగిరిస ఉంది, కొందరు తంటెపు మొక్క అంటారు. వానలు పడగానే ఛత్తీస్‌గఢ్ సంతల్లో ఆ లేత ఆకునే చరోటా భాజీ అని అమ్ముతారు. బుధవారీ బజారుకి మీ అమ్మతో వెళ్ళినప్పుడు ఆకుకూరల అమ్మల్ని అడుగు. చలికాలం మొదట్లో కాయలెండుతాయి, విత్తనాన్ని వ్యాపారులు బస్తాల లెక్కన కొంటారు. గుప్పెడు చాలు మనకి. దీని మీద కామన్ గ్రాస్ ఎల్లో అనే చిన్న పసుపు సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది.

జిల్లేడు సంగతి జాగ్రత్తగా విను. దాని పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. పెద్దవాళ్ళు లేకుండా ముట్టుకోకు, ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కో. పట్టాల వెంట జిల్లేడు విరివిగా ఉంటుంది, అయినా అటు వెళ్ళొద్దు. ఈ తాత రైల్లో పనిచేసినవాడు కాబట్టి గట్టిగా చెప్తున్నాడు. బండి ఎంత దగ్గరికొచ్చిందో చెవి సరిగ్గా చెప్పదు. అలా పట్టాల మీదికి వెళ్ళడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం కూడా. కాలనీ గోడ పక్కన, ఖాళీ స్థలాల్లో ఉన్నవి చాలు.

ఎండల్లో జిల్లేడు కాయ పగలడం మొదలెట్టగానే పెద్దవాళ్ళ చేత తుంచించుకో, ఆలస్యం చేస్తే పట్టులాంటి దూదితో గింజలు గాలికి పోతాయి. ఆ దూదికీ ఒక కథ ఉంది. 1944లో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, అమెరికా బడిపిల్లలు జిల్లేడుకి బంధువైన మిల్క్‌వీడ్ కాయల్ని బస్తాలకి ఎత్తారు. జావా నుంచి వచ్చే బూరుగు దూది ఆగిపోయింది. ఈ దూది పోగు లోపల బోలుగా ఉండి నీటిలో తేలుతుంది, అందుకని సైనికుల లైఫ్ జాకెట్లలో నింపారు. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ పెరుగుతుంది. దాని పురుగు ముందు ఈనె కొరికి పాలు కారిపోనిచ్చి, ఆ పైన ఆకు తింటుంది. ఆకులోని విషం ఒంట్లో నిలవ చేసుకుంటుంది కనక పిట్టలు దాన్ని ముట్టుకుని బాధపడి, మళ్ళీ జోలికి రావు.

ఎండిన కాయ ఊపితే గింజలు గలగలమనే గిలిగిచ్చ కూడా కాస్త చల్లు. ప్లెయిన్ టైగర్ మగవి దాని ఎండుటాకుల మీద మూగుతాయి. వాటికి కావలసింది తేనె కాదు. ఆ మొక్కలోని ఒక రసాయనంతో ఆడదాన్ని మెప్పించే పరిమళం తయారుచేసుకుంటాయి.

లాంటానా మాత్రం వద్దు. పువ్వు అందమైనదే, సీతాకోకచిలుకలూ వాలతాయి. కానీ దాని పండ్లు పిట్టలు తిని అడవుల్లో వెదజల్లితే, కింద ఇంక ఏ మొక్కా మొలవనంతగా కమ్మేస్తుంది. మన దగ్గర అచానక్‌మార్ పులుల అభయారణ్యం ఉంది. అక్కడికి వెళ్తే ఒక్క గింజ కూడా కోసి తేకు, అవి అక్కడివాటివే.

చివరగా గంగపాయల కూర. పప్పులో వేసుకునేదే. కాడలు కోసి కాగితం మీద ఆరబెడితే, కోసిన తర్వాత కూడా కాయలు ముదిరి, మూత ఊడి, ఇసుకంత నల్లటి గింజలు రాలతాయి. పైపైన చల్లి వదిలెయ్, మట్టి కప్పకు. దీని మీద డనాయిడ్ ఎగ్‌ఫ్లై పెరుగుతుంది. మగది నల్లగా తెల్లమచ్చలతో ఉంటుంది. ఆడది మాత్రం విషమున్న ప్లెయిన్ టైగర్ రంగులేసుకుని పిట్టల్ని మోసం చేస్తుంది. జిల్లేడూ గంగపాయలా రెండూ ఉన్న తోటలో నీకూ తికమక తప్పదు. వెనక రెక్క మీద నల్లచుక్కలు చూడు. ప్లెయిన్ టైగర్ మగదానికి నాలుగు, ఆడదానికి మూడు. ఒక్కటే ఉందంటే అది గంగపాయల కూర తిని పెరిగింది.