పాల పద్దు పదిలం... డిస్కుకు అరుగుదల

పాల కేంద్రంలో రైతు పాలు పోయగానే లీటర్లు, వెన్న శాతం కంప్యూటరుకు ఎక్కుతాయి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకే ప్రతి పద్దూ డిస్కుపై పడ్డాకే రెండో రైతును పిలిచేలా యంత్రాన్ని అమర్చుకోవచ్చు. పద్దు భద్రమే గాని, భారమంతా డిస్కుపై పడుతుంది.

హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 5,400 లేదా 7,200 చుట్లు తిరుగుతుంది. రాసే హెడ్డు దాన్ని తాకదు, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తున తేలుతుంది. కాబట్టి రాసినంత మాత్రాన పళ్లెం అరగదు. హెడ్డును మోసే చేతికే తీరిక ఉండదు. పద్దు ఒకచోట, దాని జాడ మరోచోట రాయాలి కదా!

ఎస్ఎస్‌డీ, మెమరీ కార్డుల సంగతి వేరు. వీటికి అరుగుదల నిజంగానే ఉంది. ఒక్కో గడిని చెరిపి రాయగలిగేది కొన్ని వందల నుంచి కొన్ని వేల సార్లే. పద్దు నూరు బైట్లే అయినా సాధారణంగా 4,096 బైట్ల పేజీ మొత్తం రాయవలసిందే.

పది పద్దులు కలిపి ఒకేసారి రాయిస్తే ఈ శ్రమ బాగా తగ్గుతుంది. ఈలోగా కరెంటు పోతే? ఆ పదిమంది పాలూ లెక్కకు రావు. యూపీఎస్ ఉండి, దాని బ్యాటరీ సరిగా నిలుస్తున్న కేంద్రాలు కలిపి రాయించుకోవచ్చు. మిగిలిన చోట్ల వెంటనే రాయించడమే న్యాయం. డిస్కు పోతే మరొకటి కొనవచ్చు. పద్దు పోతే మాత్రం రైతు చేతిలోని చీటీ ఒక్కటే ఆధారం.