జీతమెంత? అద్దె పోగా మిగులునదెంత?

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత నెరుగని తెలుగువారుండరు. ఈ రెండు కార్యములును మనిషి కూడబెట్టినదానినంతటిని హరించునని దాని భావము. అయితే పెండ్లి ఖర్చు ఒకసారి వచ్చి పోవునది. ఇంటి ఖర్చు అట్టిది కాదు. సొంత ఇల్లు లేనివారికి అది ప్రతి నెల మొదటి వారమున గుమ్మము ముందు నిలుచును. కాబట్టి ఒక కుటుంబము సుఖముగా జీవించుచున్నదా లేదా యని తెలిసికొనుటకు జీతమును చూచుట మాత్రమే చాలదు. ఆ జీతములో ఇంటికి పోవు భాగమెంతయో కూడ చూడవలెను.

వరంగల్, హనుమకొండ, కాజీపేటల కూడికయైన మన నగరములో ఈ విషయము నేడు అనేక గృహములకు సంబంధించినది. 1959లో ఇచట నెలకొన్న ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారినది. అందులోను, ఇతర కళాశాలలలోను చదివిన యువతీయువకులు హైదరాబాదునకును, అటనుండి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకును ఉద్యోగములకై తరలుచున్నారు. శాన్ హోసే, సన్నీవేల్, ఫ్రీమాంట్ మున్నగు ఊళ్ల పేర్లు మన వీధులలో సుపరిచితములు. డాలర్లలో వచ్చు జీతమును రూపాయలలోనికి మార్చి చూచుకొనుట తల్లిదండ్రులకు సహజము. కాని ఆ లెక్కలో ఒక లోపమున్నది: జీతమును మార్చుదురే గాని, అచటి ఇంటి అద్దెను మార్చరు.

ఆ అద్దె యెంతటిదో ఒక ఉదాహరణ వలన తెలియును. అమెరికా కేంద్ర ప్రభుత్వపు గృహనిర్మాణ శాఖ ఏటేట ఒక్కొక్క ప్రాంతమునకు ఆదాయపు హద్దులను నిర్ణయించును. 2018లో శాన్‌ఫ్రాన్సిస్కోకును, దాని చుట్టుపట్ల జిల్లాలకును ఆ శాఖ నిర్ణయించిన హద్దు ప్రకారము, నలుగురున్న కుటుంబమునకు సాలుకు 1,17,400 డాలర్ల ఆదాయమున్నను అది తక్కువ ఆదాయము గల కుటుంబముగానే పరిగణింపబడినది. లక్ష డాలర్లకు పైబడిన ఆదాయము తక్కువ యెట్లగునని మనము ఆశ్చర్యపడవచ్చును. ఆ హద్దును నిర్ణయించునపుడు అచటివారి ఆదాయములతోపాటు ఇండ్ల ఖరీదును కూడ లెక్కలోనికి తీసికొందురు. ఇంటి ఖరీదు మిక్కుటమైన చోట పెద్ద జీతము కూడ చిన్నదగును.

జీతములో అద్దెకు ఎంత భాగము పోవచ్చునను ప్రశ్నకు ఆ దేశమున ఒక కొలత కలదు. 1969లో చేసిన ఒక చట్టసవరణ ప్రకారము, ప్రభుత్వ గృహములలో నివసించువారు తమ ఆదాయములో నాల్గవ వంతుకు మించి అద్దె చెల్లింపనక్కరలేదు. 1981లో ఆ భాగమును నూటికి 30 వంతులకు పెంచిరి. నాటినుండి 30 వంతులు దాటినచో ఆ కుటుంబము ఇంటి భారము క్రింద నలుగుచున్నదని చెప్పుట వాడుకయైనది. అయితే ఈ భారము అందరికి సమానము కాదు. పేద కుటుంబము తన ఆదాయములో అద్దెకిచ్చు వంతు సంపన్న కుటుంబమిచ్చు వంతు కంటె పెద్దదని బెర్లిను నగరపు గణాంకవేత్త హెర్మన్ ష్వాబె 1868లోనే చూపెను. ఖరీదైన నగరములో ఇంజనీరునకు అద్దె చికాకు కలిగించును. ఆ ఇంజనీరునకు వంట చేసిపెట్టు వానికిని, అతని పిల్లలకు చదువు చెప్పు ఉపాధ్యాయినికిని అది ఊరిలో ఉండుటకే వీలులేకుండ చేయును.

ఇట్లెందుకు జరుగును? ఈ ప్రశ్నను ఆ శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఒకప్పుడు అచ్చుపని చేసి జీవించిన హెన్రీ జార్జి అను రచయిత వేసికొనెను. పట్టణము పెరిగి, సంపద పెరిగినకొలది దారిద్ర్యము కూడ ఏల పెరుగుచున్నదని విచారించి, 1879లో “ప్రగతి – పేదరికము” అను అర్థము వచ్చు పేరుతో ఒక గ్రంథమును ప్రకటించెను. పనిచేయువారు పెరుగుదురు, యంత్రములు పెరుగును, కాని భూమి పెరుగదు. అందుచేత అభివృద్ధి ఫలములో పెద్ద భాగము భూమి విలువలోనికి చేరునని ఆయన వాదించెను. ఆయన సూచించిన మందును అందరును అంగీకరింపలేదు గాని, రోగమును గుర్తించుటలో ఆయన చూపు సూక్ష్మమైనది.

భూమి పెరుగకపోవుటకు తోడు మనుష్యులు చేసికొన్న నిబంధనలు కూడ కలవు. కాలిఫోర్నియా పట్టణములలో నివాసములకు ఉద్దేశించిన స్థలములో చాల భాగమునందు ఒక్కొక్క స్థలమున ఒకే కుటుంబపు ఇల్లు కట్టవలెనను కట్టడి చిరకాలముండెను. 2021లో ఒక శాసనము దీనిని కొంత సడలించినది. మరియు 1978లో ప్రజల ఓటుతో వచ్చిన సవరణ వలన ఇంటిపన్ను లెక్కించిన విలువలో నూటికి ఒకటికి పరిమితమైనది. ఇల్లు చేతులు మారువరకు ఆ విలువ సాలుకు నూటికి రెండు వంతులకు మించి పెరుగరాదు. పాత యజమానికి ఇది గొప్ప రక్షణయే. కాని అమ్మినచో ఆ రక్షణ పోవును గనుక ఇండ్లు అమ్మకమునకు రావు. ఉద్యోగములు వేలకొలది పుట్టి, ఇండ్లు పదులకొలది లేచుచున్నచో మిగిలిన పని వేలముపాట చేయును. యజమాని పెంచిన జీతము ఉద్యోగి చేతిమీదుగా ఇంటియజమానికి చేరును.

ఈ సూత్రము సముద్రమునకావల మాత్రమే పనిచేయుననుకొనరాదు. ఒక లెక్క చూతము. ఒక యువకునకు హనుమకొండలో నెలకు 40,000 రూపాయల జీతము, 8,000 అద్దె యనుకొందము. అతనికి మిగులునది 32,000. అతనికి హైదరాబాదులో 55,000 రూపాయల ఉద్యోగము వచ్చెను. అచట అద్దె 20,000 అయినచో మిగులునది 35,000. జీతము 15,000 పెరిగినది గాని అందులో 12,000 అద్దెకే పోయినది. అనగా పెరిగిన ప్రతి రూపాయిలో ఎనుబది పైసలు ఇంటికే చెల్లినవి. మిగిలిన మూడు వేలు రాకపోకలకును, పాలు కూరగాయలకును సరి. హైదరాబాదునకు పోరాదని దీని అర్థము కాదు. ముందుముందు జీతము పెరుగు అవకాశములచట ఎక్కువ. లెక్క తెలిసి పోవలెనని మాత్రమే తాత్పర్యము.

ప్రభుత్వమును ఈ భేదమును గుర్తించినది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఇంటి అద్దె భత్యమునకు నగరములను జనాభాను బట్టి మూడు తరగతులుగా విభజించిరి. హైదరాబాదు మొదటి తరగతిలోను, వరంగల్ రెండవ తరగతిలోను చేరినవి. 2017 జులై నుండి ఈ భత్యము మూలవేతనములో వరుసగా నూటికి 24, 16, 8 వంతులుగా నుండెను. 2024 జనవరి నుండి అది 30, 20, 10 వంతులైనది. ఇది మేలైన ఏర్పాటే. కాని భత్యమునకు ప్రమాణము జనాభాయే గాని నిజమైన అద్దె కాదు. పైగా దుకాణములలోను, చిన్న కర్మాగారములలోను పనిచేయువారిలో అనేకులకు ఇట్టి భత్యమే లేదు.

వారి విషయమున మన దేశములో ఒక మంచి ఆలోచన జరిగినది. 1957లో జరిగిన పదునైదవ భారత కార్మిక సమ్మేళనము కనీస వేతనమునెట్లు లెక్కింపవలెనో నిర్ణయించెను. పెద్దవానికి రోజునకు 2,700 కేలరీల ఆహారము, నలుగురి కుటుంబమునకు సాలుకు 72 గజముల గుడ్డ, ప్రభుత్వ పారిశ్రామిక గృహపథకములోని కనీస వసతికి సరిపడు అద్దె, వంటచెరకు దీపము మున్నగువాటికి మొత్తములో అయిదవ వంతు – ఇవి ఆ లెక్కలోని అంగములు. అన్నవస్త్రములతోపాటు ఇంటిని కూడ కూలిలో భాగముగా నంగీకరించుట ఇందలి విశేషము. అయితే 2020లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన వేతన నిబంధనల ముసాయిదాలో అద్దెను అన్నవస్త్రముల ఖర్చులో పదవ వంతుగా లెక్కించిరి. వానికి నెలకు 15,000 రూపాయలగు కుటుంబమునకు అద్దె 1,500 అని లెక్క తేలును. ఆ అద్దెకు మన నగరములో రెండు గదుల వాటా దొరకుట దుర్లభము. కాగితముపై లెక్క సరిపోయినను కాపురమునకు చాలదు.

పూర్వము మన నగరము ఈ చిక్కును వేరు మార్గములలో పరిష్కరించుకొనెను. నిజాము కాలమున 1934లో స్థాపింపబడిన ఆజంజాహీ మిల్లు కార్మికులకు నివాసగృహములు కూడ కలవు. కాజీపేట రైల్వే ఉద్యోగులకు రైల్వే కాలనీ యున్నది. కొత్తవాడలో తివాచీలు నేయువారికి ఇల్లే కార్ఖానా. మగ్గమున్న చోటనే కాపురము. ఈ మూడింటిలోను పనికిని ఇంటికిని నడుమ దూరము లేదు. అయితే యజమాని ఇచ్చిన ఇల్లు పనితో ముడిపడియుండును. 1974లో జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చిన ఆ మిల్లు 2002లో మూతబడినప్పుడు, కార్మికులకు కూలితోపాటు గూటి చింతయు తప్పలేదు.

అద్దెలను చట్టముతో నిలుపవచ్చును గదాయని కొందరందురు. ఈ ప్రయత్నమును జరిగినది. బొంబాయిలో 1947 నాటి చట్టము అద్దెలను 1940 నాటి స్థాయికి కట్టివేసెను. పాత కిరాయిదారులకు మేలు కలిగెను గాని, యజమానులు మరమ్మతులు మానిరి. మనకు 1954లో హైదరాబాదు రాష్ట్రపు చట్టమును, తరువాత 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టమును వచ్చినవి. అన్యాయముగా ఖాళీ చేయింపబడకుండ కాపాడుటకు ఇట్టి చట్టములు అవసరము. కాని చట్టము ఉన్న ఇంటి అద్దెను ఆపగలదే గాని, లేని ఇంటిని పుట్టింపజాలదు.

నిలుకడగల ఉపాయము పని పెరుగుచోటనే ఇండ్లును పెంచుట. దూరమున నుండువారికి చౌకైన, నమ్మదగిన రాకపోకల వసతి కల్పించుట. 2017లో గీసుగొండ, సంగెం మండలముల సరిహద్దున కాకతీయ మెగా జౌళి పార్కునకు శంకుస్థాపన జరిగినది. అచటికి పనికి వచ్చువారెచట నివసింతురు, వారి కూలిలో అద్దెకెంత పోవును అను ప్రశ్నలను షెడ్లు లేచునప్పుడే అడుగవలెను. భూమి ధర పెరిగిన తరువాత అడిగినచో జవాబు చాల ఖరీదగును. కాలిఫోర్నియా అనుభవము చెప్పునదిదియే.

గృహస్థులు చేయదగినదియు ఒకటి కలదు. పిల్లలకు ఉద్యోగము వచ్చినదని విన్నప్పుడు జీతమెంతయని అడుగుట మన ఆచారము. ఇకమీదట దానికి మరొక ప్రశ్నను జోడింతము: అద్దె పోగా మిగులునదెంత? పొరుగువారి జీతముతో పోల్చి పిల్లల మనసు కష్టపెట్టుటకు ముందు ఈ రెండవ జవాబును వినుట ఇంటిల్లిపాదికి మేలు.